అమ్మ కళ్ళజోడుకి చుట్టిన నీలం దారం

ప్రశ్న:

అక్కా, నాకు ముప్పై ఆరేళ్ళు. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఏడేళ్ళుగా కవితలు రాస్తున్నాను. కొన్ని పత్రికల్లో వచ్చాయి. ఫోన్‌లో పెట్టిన ప్రతి కవితకీ బాగుందనేవాళ్ళు ఉన్నారు. కానీ తొమ్మిది నెలలుగా ఒక్కటీ సరిగ్గా రావట్లేదు. ఎవర్ని అడిగినా "ఇంకా చదువు" అంటున్నారు. చదువుతూనే ఉన్నాను. ఈ ఏడాది లెక్క పెట్టుకుని మరీ అరవై రెండు కవితా సంపుటాలు చదివాను. ఏదీ గుర్తుండట్లేదు. పైగా నేను రాసింది చదువుకుంటే ఎవరిదో చదువుతున్నట్టే ఉంటోంది. ఒక సభలో ఒక పెద్ద కవి, "ఉద్యోగం చేసుకుంటూ తీరిక దొరికినప్పుడు రాసేది కవిత్వం కాదమ్మా, కవి కవిలా బతకాలి" అన్నారు. అప్పట్నుంచీ ఉద్యోగం మానేద్దామా అనే ఆలోచన వదలట్లేదు.

ఈమధ్య రాసింది ఒకటి పంపుతున్నాను. అమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆవిడ కళ్ళజోడు డబ్బా మొన్ననే తెరిచాను. ఒక పక్క పుల్ల ఊడిపోతే దారం చుట్టి పెట్టుకుంది. నీలం దారం. నా స్కూలు గౌను అంచు కుట్టిన దారం. అది చూసి రాసిన కవిత ఇది:

అమ్మ కళ్ళజోడు
జ్ఞాపకాల సంద్రంలో
ఒంటరి నావలా
మౌనంగా రోదిస్తోంది

ఇందులో ఏదో లేదు. ఏం లేదో తెలియట్లేదు. నేనేం చెయ్యాలి?

సమాధానం:

అక్కా అని పిలిచారు కాబట్టి ఆ చనువుతోనే చెప్తాను. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ ఆ నీలం దారం దగ్గర ఆగిపోయాను. కవిత దగ్గర మాత్రం ఆగలేకపోయాను.

ముందు ఒక చిన్న లెక్క. అమ్మ పోయి ఏడాది కావస్తోంది. కవితలు ఆగి తొమ్మిది నెలలు. ఈ రెండు మాటలూ ఉత్తరంలో రెండు వేరే చోట్ల రాశారు. అకౌంట్స్ చూసేవారు కదా, ఒకసారి వీటిని పక్కపక్కన పెట్టి చూడండి. మీ చేతిలో విద్య ఎక్కడికీ పోలేదు. మనసు వేరే పనిలో ఉంది. దుఃఖం మోయడం పెద్ద పని, అది చేస్తున్నప్పుడు మిగతా పనులు ఆగుతాయి. రిల్కే అనే జర్మన్ భాషా కవి 1912లో మొదలుపెట్టిన పది ఎలిజీలు, అంటే విలాప కవితలు, పూర్తయ్యేసరికి 1922 వచ్చింది. మధ్యలో యుద్ధం, ఏళ్ళ తరబడి ముందుకు కదలని రాత. మీకూ పదేళ్ళు పడుతుందని భయపెట్టడానికి చెప్పట్లేదు. తొమ్మిది నెలల మౌనాన్ని చూసి "ఇక నావల్ల కాదు" అనుకోవద్దని చెప్తున్నాను.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. మానేయకండి. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు, ఎందుకంటే నేను మానేసి చూశాను. ముప్పై మూడో ఏట, అచ్చం మీలాగే ఒకరి మాట పట్టుకుని రాజీనామా చేసి ఇంట్లో కూర్చున్నాను. పొద్దున్నే లేచి టేబుల్ ముందు కూర్చునేదాన్ని. మొదటి నెల బాగానే గడిచింది. మూడో నెల నుంచి అద్దె టెన్షన్ మొదలైంది. ఆ టెన్షన్ కాగితం మీదికి కూడా వచ్చేది. ఏ వాక్యం రాసినా "ఇది నా ఉద్యోగానికి సమానంగా తూగుతుందా?" అని నన్నే అడుగుతున్నట్టుండేది. ఏడాదిలో ఆరు కవితలు రాశాను. వాటిలో ఈరోజు నా పుస్తకంలో ఉన్నది ఒక్కటే. తర్వాత మళ్ళీ ఉద్యోగంలో చేరాక, బస్సులో నిలబడి వెళ్ళే గంటలో అంతకంటే ఎక్కువ రాశాను.

ఆ పెద్దమనిషి "కవిలా బతకాలి" అన్నారు. కవులు ఎలా బతికారో చూద్దాం. గురజాడ కాలేజీలో పాఠాలు చెప్పారు, విజయనగరం సంస్థానంలో ఉద్యోగం చేశారు. జాషువా బడిపంతులు. మూకీ సినిమాలు ఆడే రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పే పని కూడా చేశారాయన. ఇస్మాయిల్ కాకినాడ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పారు. అమెరికాలో వాలెస్ స్టీవెన్స్ ఇన్సూరెన్స్ కంపెనీలో పెద్ద ఆఫీసరు. రోజూ ఆఫీసుకు నడిచి వెళ్తూ ఆ నడకలోనే పద్యపాదాలు కట్టుకునేవారు. మొదటి పుస్తకం వచ్చేసరికి ఆయనకు నలభై మూడేళ్ళు. విలియం కార్లోస్ విలియమ్స్ డాక్టరు, రోగికీ రోగికీ మధ్య దొరికిన సందులో మందుల చీటీల మీద రాసుకునేవారు. ఇక దాశరథి 1948లో నిజామాబాద్ జైల్లో ఉన్నప్పుడు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. తీరికని బట్టి కవిత్వమా కాదా అని తేల్చేదైతే వీళ్ళలో ఎవ్వరూ మిగలరు.

ఇంకో మాట కూడా అనాలి. "కవిలా బతకాలి" అని చెప్పేవాళ్ళ ఇళ్ళల్లో, ఆ బతుకు నడవడానికి కావలసిన ఇంటి చాకిరీ అంతా వేరేవాళ్ళు చేసి పెడుతుంటారు. చాలాసార్లు ఒక ఆడమనిషి. ఆ సలహా మీకు ఇచ్చే ముందు ఆయన ఆ సంగతి ఆలోచించి ఉంటే బాగుండేది. ఆ మాట అక్కడ వదిలేయండి.

అసలు చెప్పాల్సింది చదువు గురించి. "ఇంకా చదువు" అనే సలహాతో నాకు పేచీ ఉంది. మీరు అరవై రెండు సంపుటాలు చదివారు. అంటే ఆరు రోజులకు ఒకటి. సంపుటానికి యాభై కవితలు అనుకున్నా మూడు వేల పైచిలుకు కవితలు. అన్ని కవితలు ఒంటికి పట్టవమ్మా. అలా చదివినప్పుడు మనలో మిగిలేది కవితలు కాదు, వాటన్నిటిలోనూ మళ్ళీ మళ్ళీ వచ్చే మాటలు. మీరు చదివినవి దాదాపు అన్నీ ఈ పదేళ్ళలో వచ్చిన వచన కవిత్వమే అయ్యుంటుందని నా అనుమానం. వాటిలో ఒక పదిహేను తీసి, "జ్ఞాపకాలు", "మౌనం", "ఒంటరి", "సంద్రం", "నావ", "రోదన" అన్న మాటలు కనిపించిన చోటల్లా పెన్సిల్‌తో గీత గీస్తూ వెళ్ళండి. తర్వాత మీ నాలుగు పాదాలు చూసుకోండి. "అమ్మ కళ్ళజోడు" తప్ప మిగతాదంతా ఆ గీతల కిందే దొరుకుతుంది. ఎవరిదో చదువుతున్నట్టుందని మీకే అనిపించింది చూశారా, అది సరైన అనుమానమే. అది అనిపించని వాళ్ళ గురించి నాకు బెంగ గానీ మీ గురించి కాదు.

అయితే ఒకరి గాలి సోకడం నేరమేమీ కాదు. శ్రీశ్రీ మొదటి పుస్తకం "ప్రభవ" 1928లో వచ్చింది. అందులో ఉన్నవి పద్యాలు, అప్పటి భావకవిత్వం నీడ బాగా పడిన పద్యాలు. శ్రీశ్రీ అనగానే మన చెవిలో మోగే గొంతు ఆ తర్వాత కొన్నేళ్ళకి గానీ రాలేదు. ఆ గొంతుతో 1930లలో రాసిన గీతాలు "మహాప్రస్థానం" అనే పుస్తకంగా చేతికొచ్చేసరికి 1950. కాబట్టి ఎవరిలాగో రాస్తున్నానని సిగ్గుపడకండి. కాకపోతే ఒక్కరిని పట్టుకుని, వాళ్ళలా ఎందుకు రాయలేకపోతున్నానో తెలిసేదాకా అనుకరించండి. ఒక్కరిని గట్టిగా అనుకరిస్తే చెయ్యి తిరుగుతుంది. అరవై రెండు మందిని తెలియకుండా అనుకరిస్తే మన గొంతు మనకే వినిపించదు.

నేను చేసే పద్ధతి ఒకటి చెప్తాను, మూడు నెలలు చేసి చూడండి. కొత్త పుస్తకాలు పక్కన పెట్టేయండి. మీకు నిజంగా ఇష్టమైన ఒక్క కవిత తీసుకోండి, ఇరవై పాదాలు మించనిది. మొదటిరోజు పైకి చదవండి, ఇంట్లో ఎవరూ లేనప్పుడైనా సరే, గొంతు విప్పి. రెండో రోజు చేత్తో కాగితం మీద ఎత్తి రాయండి. ఫోన్‌లో టైపు చేయొద్దు. మూడో రోజు పుస్తకం మూసేసి గుర్తున్నంత వరకు రాసి, అసలుతో పోల్చి చూసుకోండి. మీ చదువంతా ఆ తప్పుల దగ్గర మొదలవుతుంది. నాకు బాగా గుర్తున్న తప్పు ఒకటి ఉంది. ఒక పాత కవితను ఇలాగే రాసుకుంటూ "వాన కురిసింది" అని రాశాను. పుస్తకం తెరిస్తే "వాన దిగింది" అని ఉంది. ఆ ఒక్క మాటలో వాన చుట్టం అయింది, సామాను పట్టుకుని గుమ్మం ముందు బండి దిగింది. నేను అలవాటుగా వచ్చే మాట రాశాను, ఆ కవి చూసిన మాట రాశారు. అప్పటికి ఆ కవిత కనీసం ఇరవైసార్లు చదివి ఉంటాను, ఒక్కసారి కూడా నా కంట పడలేదు. మనం తప్పు గుర్తుపెట్టుకున్న చోటే కవి మనకంటే బాగా రాసిన చోటు. వారానికి ఇలాంటిది ఒక్కటి దొరికినా చాలు.

ఎత్తి రాయడం గురించి నవ్వేవాళ్ళు ఉంటారు, పట్టించుకోకండి. రష్యన్ కవయిత్రి అఖ్మతోవా 1930లలో రాసిన కవితలు కాగితం మీద ఉంటే ప్రాణాల మీదికి వచ్చే పరిస్థితి. చిన్న కాగితం మీద రాసి స్నేహితురాలికి చూపించేవారు. ఆవిడ చదివి కంఠస్థం చేసిన వెంటనే ఆ కాగితం కాల్చేసేవారు. ఆ కవితలు ఏళ్ళ తరబడి మనుషుల నోళ్ళలోనే బతికాయి. మన వైపు కూడా పద్యం పుస్తకంలో కంటే నాలుక మీదే ఎక్కువ కాలం ఉంది. మీ అమ్మగారికో అమ్మమ్మగారికో బడి చదువు ఎంతైనా, నోటికి వచ్చిన పద్యాలో పాటలో ఉండే ఉంటాయి. అవి మీకు ఎన్ని గుర్తున్నాయో ఒకరోజు కూర్చుని రాయండి. రాస్తుంటే చెయ్యి దానంతట అదే తాళం వేస్తుంది. గురజాడ 1910లో ముత్యాలసరాలు రాసినప్పుడు వాడిన నడక మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్ళీ మూడు, నాలుగు. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు. తకిట తకధిమి, తకిట తకధిమి. బల్ల మీద కొట్టి చూడండి, మనం మాట్లాడుకునే తెలుగు ఎంత సులువుగా అందులో ఒదుగుతుందో తెలుస్తుంది. వచన కవిత రాసేవాళ్ళకి ఇదెందుకు అనకండి. లయ తెలియకుండా పాదం ఎక్కడ విరవాలో తెలియదు.

కవిత్వం కాని పుస్తకాలు కూడా చదవండి. నా టేబుల్ మీద ఎప్పుడూ ఉండేది "మాండలిక వృత్తి పదకోశం". భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో 1962లో మొదటి సంపుటం, చేనేత పదాలతో 1971లో రెండోది వచ్చాయి. రైతులూ నేతగాళ్ళూ తమ పనిముట్లని ఏ జిల్లాలో ఏమని పిలుస్తారో ఊరూరా తిరిగి అడిగి రాసిన పుస్తకాలవి. ఏ పేజీ తీసినా ఒక వస్తువూ దాని పేరూ ఎదురవుతాయి. జ్ఞాపకాల సంద్రం లాంటి మాట ఒక్కటీ ఉండదు. పది నిమిషాలు చదివి మూసేస్తే నా సొంత వాక్యం మీద నాకు అనుమానం వస్తుంది. ఆ అనుమానం మంచిది.

ఇక మీ కవిత. "ఏదో లేదు" అన్నారు. లేనిది మీ ఉత్తరంలో ఉంది. మీరు నాకు పరిచయం కోసం మామూలుగా రాసిన మాటల్ని, ఒక్క అక్షరం కలపకుండా, పాదాలుగా విరిచి రాస్తున్నాను:

ఒక పక్క పుల్ల ఊడిపోతే
దారం చుట్టి పెట్టుకుంది
నీలం దారం
నా స్కూలు గౌను అంచు కుట్టిన దారం

దీన్ని మీ నాలుగు పాదాల పక్కన పెట్టి పైకి చదవండి. ఇందులో అమ్మ అన్న మాటే లేదు. అవసరం పడలేదు. తెలుగులో క్రియ చివరే మనిషి ఉంటుంది. "పెట్టుకుంది" అనగానే ఎవరో ఒకావిడ వచ్చేసింది, స్కూలు గౌను దగ్గరకొచ్చేసరికి ఆవిడ ఎవరో తెలిసిపోయింది. రెండో పాదంలోంచి మూడో పాదానికి వస్తూ దారానికి రంగు వచ్చింది. నాలుగో పాదంలో ఆ రంగుకి పాతికేళ్ళ వయసు వచ్చింది. ఒక గౌను కుట్టగా మిగిలిన దారాన్ని పాతికేళ్ళు దాచిన మనిషి ఎలాంటిదో నాకిప్పుడు తెలుసు. మీరు చెప్పలేదు, దారం చెప్పింది.

ఇంకా దగ్గరగా చూడండి. "చుట్టి పెట్టింది" అని రాయలేదు మీరు. "చుట్టి పెట్టుకుంది" అన్నారు. తన కోసం తనే చేసుకుంది. ఎవర్నీ అడగలేదు, కొత్తది కావాలని అనలేదు. ఈ మాట మిమ్మల్ని నొప్పిస్తుందని తెలిసే రాస్తున్నాను, క్షమించండి. తొమ్మిది నెలలుగా మీరు రాయలేకపోతున్నది బహుశా ఆ "కుంది" దగ్గరే ఉంది. కళ్ళజోడు చేత రోదింపజేస్తే మనం దానిదాకా వెళ్ళక్కర్లేదు. రోదన అంతా అదే చూసుకుంటుంది, మనం పక్కకు తప్పుకోవచ్చు. "రోదిస్తోంది" లాంటి మాటలు మనకి ఆ పని చేసిపెడతాయి, అందుకే అంత సులువుగా వస్తాయి. నా తొలి పుస్తకం నిండా ఉన్నాయవి. అప్పట్లో నాకు ఈ మాట చెప్పినవాళ్ళు లేరు.

పాదాలు విరిచినంత మాత్రాన అది కవిత అయిపోయిందని అనను. అది తొలి ప్రతి. అమెరికన్ కవయిత్రి ఎలిజబెత్ బిషప్ పోగొట్టుకోవడం గురించి రాసిన ఒక కవిత 1976లో వచ్చింది. దానికి పదిహేడు చిత్తుప్రతులు దొరికాయి. మొదటి ప్రతి దాదాపు వచనమే, రోజూ పారేసుకునే వస్తువుల జాబితాలా మొదలవుతుంది. విచిత్రం ఏమిటంటే ఆ జాబితాలో అన్నిటికంటే ముందున్నది చదువుకునే కళ్ళజోడు. పదిహేడో ప్రతికి వచ్చేసరికి ఆ కళ్ళజోడు కవితలోంచి జారిపోయింది. తాళంచెవులు వచ్చాయి, అమ్మ చేతిగడియారం వచ్చింది. పెద్ద నష్టం గురించి చెప్పడానికి చిన్న వస్తువులతో మొదలుపెట్టి, వాటిలో ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చుకోవడానికి ఆవిడ అన్నిసార్లు తిరగరాశారు. మీది మొదటి ప్రతి. ఇంకా మీకు పదహారు ఉన్నాయి. ఆ పదహారులో ఎక్కడో "నా స్కూలు గౌను" ఎగిరిపోవచ్చు, "నీలం" ఒక్కటే మిగలొచ్చు. ఇప్పుడే తెలియదు.

అన్నట్టు "పుల్ల" అన్నారు. మీ అమ్మగారు దాన్ని ఏమనేవారు? పుల్లా, కాడా, ఇంకేదైనానా? ఆవిడ నోట వచ్చిన మాటే కవితలో ఉండాలి.

రోజూ ఏం చెయ్యాలంటే, ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. కవిత కోసమని కాకుండా లెక్కల పుస్తకం రాసినట్టు రాయండి. తేదీ, ఆరోజు చూసిన ఒక వస్తువు, అది ఏ స్థితిలో ఉందో రెండు వాక్యాలు. అంతే ఎంట్రీ. బాధ, ప్రేమ, మౌనం లాంటి మాటలు ఆ పుస్తకంలోకి రానివ్వకండి. మీ వృత్తి మీకు ఈ క్రమశిక్షణ ఎప్పుడో నేర్పింది, ఒక్క అంకె తేడా వస్తే రాత్రి దాకా కూర్చుని వెతికే రకం మీరు. ఆ వెతుకులాటే ఇక్కడా కావాలి. ఉద్యోగం కవిత్వానికి అడ్డం అనుకున్నారు గానీ, ఆ కన్ను మీకు ఉద్యోగమే ఇచ్చింది.

రాసినవి ఫోన్‌లో పెట్టడం కొన్నాళ్ళు ఆపండి. పూర్తిగా మానేయమనట్లేదు. రాసిన తర్వాత ఒక నెల దాచి, నెల తర్వాత కూడా నచ్చితే పెట్టండి. రాసిన పావుగంటలో "అద్భుతం" అని పదిమంది అంటే ఇంక తిరగరాయడానికి చెయ్యి రాదు. వాళ్ళు అభిమానంతో అంటారు, అందులో తప్పు లేదు. కానీ రెండో ప్రతి అక్కడే ఆగిపోతుంది.

ఇది రాస్తున్నంతసేపూ నాకు ఆ డబ్బా కళ్ళముందే ఉంది. మీకు ధైర్యం చిక్కిన రోజున, ఈ వారమే అని ఏం లేదు, దాన్ని మళ్ళీ తెరవండి. కళ్ళజోడు చేతిలోకి తీసుకోండి. ఆ దారం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. ముడి ఎక్కడ వేశారో చూడండి. బయటికి కనిపించేలా వేశారా, పెట్టుకున్నప్పుడు గుచ్చుకోకుండా, ఎవరి కంటా పడకుండా లోపలి వైపుకి తిప్పి వేశారా? చూసి, నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి. వీలైతే నాకూ రాయండి.